వేటకు బిల్లలను దోడ్కొనిపోవుట

వన్యమృగములను వేటాడుట తగునా తగదా యను ప్రశ్నను మేమీ వ్యాసమున నెత్తికొనలేదు. దానికి 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము సమాధానము చెప్పియే యున్నది. అట్టి చట్టమును జేయుడని పార్లమెంటును గోరుచు దీర్మానములు గావించిన పదునొకండు రాష్ట్రములలో మన యాంధ్రప్రదేశ మొకటి. చట్టము వచ్చి యేబదియేండ్లు దాటినను చాటుమాటుగా వేట సాగుచునే యున్నది. అది సాగుచున్నంతకాలము దాని ప్రక్కనే మఱియొక ప్రశ్న నిలిచియుండును. లోకులు దానిని జిన్నదిగా నెంచుదురు; మేము పెద్దదిగా నెంచుచున్నాము. తండ్రి దుప్పివేటకు బోవునపుడు ఏడెనిమిదేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని పోవచ్చునా?

కొంతకాలము క్రిందట నొకనాడు తెల్లవాఱుజామున మూడుగంటలకు మా యింటి తలుపు తట్టిన చప్పుడయ్యెను. వచ్చినవాడు కాశీబుగ్గలో జీడిపప్పు వర్తకము చేయు నొక గృహస్థు, పట్టభద్రుడు, బాల్యవివాహములు కూడవని సభలలో మాటాడినవాడు. గుర్తింపునకు వీలులేకుండ మఱికొన్ని వివరములను విడిచితిమి. అతని భుజముపై తొమ్మిదేండ్ల కొడుకు నిద్రించుచుండెను. స్నేహితులతో గలసి మందస దాటి కొండదాపునకు బోయి, దుప్పిని గొట్టి తిరిగివచ్చుచుండగా నటవీశాఖవా రెదురైరట. మాంసమును, నాటుతుపాకిని, కారును స్వాధీనపఱచుకొని, బిడ్డను జూచి జాలిపడి, యుదయమున రమ్మని యతనిని బంపిరట.

అతడు మమ్మడిగినవి రెండు. కారు విడిపించుటెట్లు? పిల్లవాని నెవరైన నడిగినచో వానిచేత నేమి చెప్పింపవలెను? ఈ రెండవ ప్రశ్న యడుగుచుండగా బాలుడు మేల్కొని, మా వరండాలోని బల్లపై గూర్చుండి, మా యిద్దఱి ముఖములను మార్చి మార్చి చూచుచుండెను. ఆ చూపే యీ వ్యాసమునకు గారణము.

ఇంత చిన్నవాని నేల తీసికొనిపోతిరని యడుగగా నతడు చెప్పిన సమాధానములు క్రొత్తవి కావు. మగపిల్లవానికి బిఱికితనము పోవలెను. పెద్దల కాలమునుండి యున్నదే. అమెరికాలో మా బావమఱది కొడుకు పదియేండ్లకే జింకను గొట్టినాడు. చదువరులలో ననేకులు వీనిని వినియుందురు. కొందఱు చెప్పియు నుందురు.

పెద్దల మాట ముందుగా జూతము. మహేంద్రగిరి చుట్టుపట్ల మందస, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీలు వెలసియున్న కాలమున నడవి ప్రభువులకు విహారభూమి. కట్టెలకై పోయిన రైతునకు నేరస్థలము. ఆ యడవి హక్కుల తగవులోనే 1940లో మందస ప్రాంతమున పోలీసు కాల్పులు జరిగి వీరగున్నమ్మ ప్రాణములు గోల్పోయెను. 1948వ సంవత్సరపు మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. జమీందారు వేషము మాత్రము కొందఱి మనస్సులనుండి పోలేదు. కొడుకును ప్రక్కన నిలువబెట్టి, చచ్చిన మృగముపై గాలుపెట్టి ఛాయాచిత్రము తీయించుకొను ముచ్చట యా వేషములోనిదే.

పురాణములను సాక్ష్యమునకు బిలుచువారును గలరు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున దిన్నని తండ్రి వేటకు సిద్ధపఱుపలేదా యని యొకరు మమ్మడిగిరి. సిద్ధపఱచెను. కాని తిన్నడు లోకమున బూజ్యుడైనది వేట నేర్చినందులకు గాదు, తన కన్ను బెఱికి యిచ్చినందులకు. మనువు కామమువలన బుట్టు పది వ్యసనములను లెక్కించుచు వేటనే మొదట జెప్పెను. దశరథుని కథ మన విషయమునకు మఱింత సమీపమైనది. అతడు యువరాజుగా నున్నప్పుడు, శబ్దమును బట్టి కొట్టు విద్యయందలి గర్వముచే, చీకటిలో సరయూతీరమున కుండ మునిగిన చప్పుడును ఏనుగు నీరుత్రాగు చప్పు డనుకొని బాణము విడిచెను. కూలినవాడు తల్లిదండ్రులకు నీరు గొనిపోవచ్చిన కుఱ్ఱవాడు. నేడు రాత్రివేళ తోటల యంచున తుపాకి పేల్చువానికి పొదలో గదలినది దుప్పియో, తప్పిపోయిన యావును వెదకవచ్చిన మనుష్యుడో యెట్లు తెలియును? ఉద్దానపు తోటలలో ఎలుగుబంట్లును దిరుగుచున్నవి. 2022లో వజ్రపుకొత్తూరు మండలమున నొక యెలుగు మనుష్యుని జంపి పలువురను గాయపఱచిన సంగతి యా ప్రాంతమువా రింకను మఱవలేదు. అట్టి చోటికి, అట్టి వేళ, బిడ్డను ధైర్యము నేర్పుటకు దీసికొనిపోయితి ననువానిని మేము ధైర్యశాలి యనజాలము.

కొండజాతులవారు తమ కొడుకులను దీసికొనిపోవుట లేదా యని మఱియొక మాట. విశాఖ మన్యమున చైత్రమాసపు ఇటుకల పండుగకు పురుషులు వేటకు బోవుటయు, వట్టిచేతులతో వచ్చినవారిని స్త్రీలు పేడనీళ్ళు చల్లి యెగతాళి చేయుటయు మనము వినినదే. సవరబాలుడును చిన్ననాటనే విల్లు పట్టును. అయిన నా బాలుడు అడవిలో బుట్టినవాడు. ఏ జాడ యే మృగముదో, ఏ కాయ యెపుడు పండునో వానికి దెలియును. వేట వారికి జీవనములో నొక భాగమై, ఊరంద ఱెఱిగి చేయునదై యుండెను. వారికైనను చట్టము దాని ననుమతింపలేదు. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము సంప్రదాయపు హక్కులను బెక్కింటి నొప్పుకొనుచు, వేటహక్కును మాత్రము మినహాయించినది. అది వారికి గలిగిన నష్టమే యని మేమొప్పుకొందుము. కొండవానికే లేని హక్కు కారులో వచ్చి కారులో బోవు మనకెక్కడిది?

అమెరికా మాట కొంత నిదానించి విచారింపదగినది, ఏలయన నచ్చట వేట చట్టసమ్మతము. 1937లో నచ్చటి ప్రభుత్వము తుపాకులమీదను తూటాలమీదను వచ్చు పన్నును వన్యప్రాణుల పోషణమునకై కేటాయించినది. తోడేళ్ళు నశించినచోట జింకలు మితిమీఱి కొండలను మోడు చేయునని ఆల్డో లియోపోల్డు వంటివారు వ్రాసిరి. తెల్లవాఱకముందే బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, గాలి యెటు వీచుచున్నదో, గంటలకొలది మాటాడక యెట్లుండవలెనో, తోడి వేటకాండ్రకు గనబడుటకు నారింజరంగు చొక్కా యేల తొడుగవలెనో యచ్చటి తండ్రులు నేర్పుదురు. తినెడు మాంసము ఒక ప్రాణిచావునుండి వచ్చునని దాచక చెప్పుటలో సత్యమును గలదు. లైటు వేసి రాత్రివేళ జింకను గొట్టుట యచ్చటను బెక్కు రాష్ట్రములలో నేరమే. ఇంతవఱకు వారిని నిందింప మాకు నోరాడదు. అయినను 2017లో విస్కాన్సిన్ రాష్ట్రమువారు, పెద్దలు తోడుండగా వేటాడువారికి గల కనీసవయస్సును దొలగింపగనే, ఏడాదియైన నిండని పసికందుల పేర సైతము అనుమతిపత్రములు గొనబడెను. తల్లిపాలు త్రాగు బిడ్డ పేర జింకను జంపుట కనుమతి! బిడ్డకొఱకే చేయుచున్నామను మాటలో బిడ్డ పాలెంత, పెద్దల పాలెంత యని మా మిత్రుడు తన బావమఱది నడిగి తెలిసికొనవలసినది.

మా సంగతియు జెప్పకున్న నిది పరోపదేశమగును. మాకెనిమిదవయేట మేనమామగారు మమ్ము జీపులో వేటకు దీసికొనిపోయిరి. లైటు పడగానే చెట్ల నడుమ రెండు కన్నులు పచ్చగా వెలిగెను. అట్టి మృగముల కంటి వెనుక నద్దము వంటి పొర యుండి వెలుతురును దిరుగగొట్టునని తరువాత జదివితిమి. ఆనాడు మాకు రెండు దీపములవలె దోచెను. అది పాఱిపోలేదు. వెలుతురు వైపే చూచుచు నిలిచియుండెను. తుపాకి మ్రోగెను. మేము దగ్గఱకు బోవునప్పటి కింకను ప్రాణము పోలేదు. పొదుగునుండి పాలు కాఱుచుండెను. మేము మామగారి ముఖము చూచితిమి. ఆయన యొక్క క్షణము మావైపు చూచి, నవ్వి, “అమ్మతో చెప్పకురా” అనిరి. మఱునాడు మాంసము తింటిమి. రుచిగానే యుండెను, ఆ మాట దాచుట తగదు. అమ్మతో మాత్రము జెప్పలేదు. చెప్పుట కిపు డామె లేదు.

దుప్పి, కణుజు మొదలగువాని పిల్లలు పుట్టిన తొలిదినములలో తల్లివెంట దిరుగవు. తల్లి వానిని గడ్డిలో దాచి మేతకు బోయి, పాలిచ్చుటకు మఱల వచ్చును. అది వచ్చువఱకు కదలక మెదలక పడియుండుటయే వాని యాత్మరక్షణము. ఈ సంగతి మాకు ముప్పదియేండ్లు దాటిన తరువాత నొక పుస్తకమున గనబడినది. ఆ దినమున మేము కచేరీ పని యేమియు జేయలేకపోతిమి.

బిడ్డకు జాలి సహజముగా గలుగును. దానిని పెద్దలు పుట్టింపనక్కఱలేదు. ఆ జాలి పుట్టిన క్షణమున బిడ్డ మృగమును విడిచి తండ్రి ముఖము చూచును. అచ్చట నేమి కనబడునో యదియే వానికి బాఠము. తండ్రి తలవంచిన నొక పాఠము, కేరింతలు కొట్టిన నొక పాఠము. మన దేశమున మూడవది యొకటి తప్పనిసరియై యున్నది. వేట నేరమగుటచే, ఎంత మంచి తండ్రియైనను చివరకు “ఎవరితోను జెప్పకు” మనక తప్పదు. ఆ మాట వినిన బిడ్డకు తన జాలి తప్పో, తండ్రి చేసినది తప్పో తేలదు; అడుగుటకు దారియు మూసికొనిపోవును.

ఇక చట్టము. కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు మృగమును జంపినవానికి మూడేండ్లకు దక్కువగాక యేడేండ్ల వఱకు గారాగారమును, 2022 సవరణ ప్రకార మిరువదియైదువేలకు దక్కువగాని జరిమానాయు గలవు. వేటకు వాడిన బండియు నాయుధమును బ్రభుత్వపరమగును. ఇవి కొంద ఱెఱుగుదురు. బిడ్డ విషయమున చట్టమేమనునో యెఱిగినవా రరుదు. ఏడేండ్ల లోపు బిడ్డ చేసినది నేరము గాదని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహితయు 20వ సెక్షనున నదియే చెప్పుచున్నది. ఏడు మొదలు పండ్రెండు వఱకు, తాను చేయుపనిని గ్రహించు పక్వత లేనివానికి 21వ సెక్షను రక్షణ యిచ్చును. బిడ్డను విడిచిన చట్టము పెద్దలవైపు తిరిగినది. నేరము చేయుటకు బిడ్డను నియోగించినవానికి 95వ సెక్షనున మూడేండ్లనుండి పదియేండ్ల వఱకు శిక్ష గలదు. 2015 నాటి బాలల న్యాయచట్టమున 83వ సెక్షను, చట్టవిరుద్ధమైన పనులకు బిల్లలను వాడుకొన్న పెద్దలకు ఏడేండ్ల వఱకు కఠినకారాగారమును, ఐదులక్షల జరిమానాయు విధించినది. చూచుటకు దీసికొనిపోతిని గాని చేయించుటకు గాదని వాదింపవచ్చును. వానిచేత లైటు పట్టించిన తరువాత నా వాదము నిలుచునని మేము పూచీపడజాలము.

సాక్ష్యము మాటయు నట్టిదే. చిన్నవాడగుటచేత సాక్ష్యమున కనర్హుడు కాడు. ప్రశ్నలను గ్రహించి తెలివిగల యుత్తర మీయగలిగిన జాలునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమమును జెప్పుచున్నది. 1969వ సంవత్సరపు ప్రమాణముల చట్టము మఱియొక యడుగు ముందునకు బోయినది. పండ్రెండేండ్ల లోపు బాలుడు ప్రమాణమన నేమో యెఱుగకున్నను, సత్యము చెప్పుట తన విధి యని యెఱిగియున్నచో, వానికి బ్రమాణము చేయింప బనిలేదట. అనగా పెద్దవారమైన మనము ప్రమాణము చేసినగాని నమ్మని కోర్టు, వానిని ఉత్తమాటపై నమ్మును. అట్టివాని నోట నబద్ధము బెట్టుమని మా మిత్రుడు మమ్మడుగుచుండెను.

మఱి పిల్లలకు మృగపక్షులను జూపవద్దా యందురేమో. టెక్కలి దగ్గఱ తేలినీలాపురమునకు దీసికొనిపొండు. ప్రతిసంవత్సరము వానలు వెనుకబట్టునప్పటికి గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి, యూరివారి పెరటి చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లల నెత్తును. రెట్టకంపు భరించియు నూరివారు వానిని బుట్టింటికి వచ్చిన యాడుబిడ్డలవలె జూచుకొందురు. జింకలే చూడవలెనన్న పలాసలో రైలెక్కి బరంపురమున దిగి, ఆస్కా వైపున నున్న భేట్నయి, బలిపదర్ గ్రామములకు బోవచ్చును. కృష్ణజింకలు పట్టపగలే పొలములలో మేయుచుండును. అవి యున్నంతకాలము వానలు కురియుననియు, పంటలు పండుననియు నచ్చటి రైతుల నమ్మకము. పైరు మేసినను గొట్టరు. గంజాము జిల్లాలో 2011 గణనమున రెండువేల పైచిలుకుగా నున్న యా మృగములు 2021 నాటికి ఏడువేలు దాటినవి. వానకును జింకకును సంబంధమేమని మన సంస్కారప్రియులు నవ్వవచ్చును, మేమును నమ్మము. అయిన నా మూఢవిశ్వాసము కాపాడిన ప్రాణముల లెక్క యది. మన పట్టభద్రుని విజ్ఞానము మందస కొండదాపున నొక్క దుప్పిని గాపాడలేదు. ఆంధ్రప్రదేశమునకు కృష్ణజింకయు, తెలంగాణమునకు చుక్కల దుప్పియు రాష్ట్రమృగములని వాని కొడుకు బడిలో జదివియే యుండును.

ఆ తెల్లవాఱుజామున మేమతనికి జెప్పినది క్లుప్తమే. కారు మాట తరువాత జూతము. పిల్లవానికి మీరేమియు నేర్పవలదు. ఎవరైన నడిగినచో జూచినది చెప్పుమనుడు. మీరు చేసినది తప్పని మీ నోటితో వానికి మీరే చెప్పుడు. అతడు తలవంచుకొని కొంతసేపు మాటాడలేదు. బల్లపైనున్న బాలుడు మాత్రము మా వైపు తిరిగి, “లైటు నేనే పట్టుకున్నానండి” అనెను. గర్వముతో ననెనో, భయముతో ననెనో మాకు దెలియలేదు. తండ్రి లేచి వానిని జంకనెత్తుకొని, వేఱొక ప్లీడరును జూచుకొందునని చెప్పి వెడలిపోయెను.