వెనక స్పీకర్లు ఎందుకు పలకడం లేదు?

ప్రశ్న: కొత్తగా 5.1 హోమ్ థియేటర్ కొన్నాం. టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ కేబుల్ పెట్టాను. ఓటీటీలో సినిమా చూస్తుంటే వెనక స్పీకర్లు పలకవు, మాటలూ సరిగ్గా వినపడవు. ఖరీదైన కేబుల్ కొనాలా?

జవాబు: కొనే ముందు టీవీ సౌండ్ సెట్టింగులు చూడండి. డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటే ఆప్టికల్‌లో రెండు చానెళ్లే వెళ్తాయి. 'బిట్‌స్ట్రీమ్' లేదా 'పాస్ త్రూ'కి మార్చండి. సినిమా ఆడియో కూడా 5.1లో ఉండాలి సుమా!

అయితే ఆప్టికల్‌లో డాల్బీ అట్మాస్ శబ్దం రాదు. అది కావాలంటే టీవీ వెనక 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి రిసీవర్ 'హెచ్‌డీఎంఐ అవుట్'కి కేబుల్ పెట్టండి. అవును, అవుట్‌కే. చాలామంది ఇన్‌పుట్‌కి పెట్టి, శబ్దం రావడం లేదని తల పట్టుకుంటారు. టీవీ, రిసీవర్ రెండింటి సెట్టింగుల్లోనూ ఏఆర్‌సీ, సీఈసీ ఆన్ చేయండి.

ఇక మాటల సంగతి. ఆ భారమంతా మధ్య స్పీకర్‌దే. దాన్ని టీవీ స్టాండు అరలో లోపలికి తోసేస్తే గొంతులు బొంగురుపోతాయి. అర అంచుదాకా జరిపి, ముఖం మీ చెవుల వైపు కాస్త ఎత్తండి. చాలకపోతే సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి.

రిసీవర్ ఆపి స్పీకర్ వైర్లూ చూడండి. ఎరుపు ఎరుపుకే వెళ్లాలి. ముందున్న రెండింటిలో ఒకదానికి తిరగబడినా శబ్దం వస్తుంది గానీ బేస్ పల్చబడుతుంది. రాగి పోగు పక్క టెర్మినల్‌కి తగిలితే షార్ట్ అవుతుంది. సబ్‌వూఫర్ క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

బంగారు పూత కేబుళ్లకు వేలు పోయకండి; మీ గదికి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు.