ఒక్క రొమ్ము పాలతో బిడ్డ కడుపు నిండుతుందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. డాక్టర్ సలహాతోనే టామాక్సిఫెన్ ఆపి గర్భం దాల్చాను. ఇప్పుడు ఏడో నెల. నా పాలతో బిడ్డకు జబ్బు అంటుకుంటుందని మా అత్తయ్య భయపడుతున్నారు. పాలివ్వొచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: నిక్షేపంగా ఇవ్వొచ్చమ్మా. పాల వల్ల క్యాన్సర్ అంటుకోదు. ఈ మాట మీ అత్తయ్యగారికి కాన్పు చేసే డాక్టర్‌ చేతే చెప్పించండి, గురి కుదురుతుంది.

రేడియేషన్ వల్ల పాలగ్రంథులు దెబ్బతింటాయి. ఎడమవైపు పాలు కొద్దిగానే పడొచ్చు, అసలు పడకపోనూ వచ్చు. కుడి రొమ్ము మామూలుగానే పనిచేస్తుంది; బిడ్డ ఎంత తాగితే అంత ఊరుతుంది. కవలల తల్లులు ఒక్కో బిడ్డకు ఒక్కో రొమ్ముతోనే సరిపెడుతున్నారు కదా! పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. చాలకపోతే పిల్లల డాక్టర్ చెప్పినట్టు డబ్బాపాలు కలపండి, అందులో తప్పేం లేదు.

చేతికి గడ్డ తగిలితే మాత్రం పాలు గడ్డకట్టాయిలే అని ఊరుకోవద్దు. పాలిస్తూనే అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ చేయించుకోవచ్చు.

టామాక్సిఫెన్ మళ్లీ మొదలుపెడితే పాలు మాన్పించాల్సిందే. గర్భం కోసం ఈ రకం మందులను రెండేళ్ల వరకు ఆపినవారిలో, తొలి మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదని 2023లో వెలువడిన ‘పాజిటివ్’ అధ్యయనం చెప్పింది. మీకెన్ని నెలల వెసులుబాటు ఉందో ఆంకాలజిస్టును కాన్పుకు ముందే అడగండి.