బోరు నీళ్లు పోసిన బ్యాటరీ

ప్రశ్న: మాది చిత్తూరు. ఇన్వర్టర్ బ్యాటరీ కొని మూడేళ్లు. కరెంటు పోతే అరగంటకే ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. నీళ్లు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోస్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: చిక్కంతా ఆ నీళ్లతోనేనండీ. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి మనకు దగ్గర్లోనే ఉన్నా, ఈ పొరపాటు ఇంకా చాలా ఇళ్లలో చూస్తున్నాను. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అలాంటి ఉప్పులే లోపలి సీసం పలకలను పాడుచేస్తాయి. ఇకపై డిస్టిల్డ్ వాటరే పోయండి, పై గీత దాటకుండా. యాసిడ్ కలపొద్దు, తగ్గేది నీరే. ఎండాకాలంలో నెలకోసారి చూసుకోండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, అది మండే వాయువు. బ్యాటరీ దేవుడి గదిలో దీపం పక్కన ఉంటే ఈరోజే మార్పించండి. పాడైన పలకలు మళ్లీ బాగుపడవు, కాబట్టి ఒకసారి దుకాణంలో పరీక్ష చేయించండి. బ్యాటరీ ఉబ్బినా, బాగా కాగినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా మీరు ముట్టుకోకండి. మెయిన్ ఆపి, కిటికీలు తెరిచి, వెంటనే మెకానిక్‌ను పిలవండి.