బోధించేవారు ఎందరో, తోడు నడిచేవారు ఎవరు?
(యౌవనస్థుల శిష్యత్వం – కుటుంబ పాఠం)

చదువవలసిన వాక్యభాగాలు: లూకా 24:13-32, 2 తిమోతి 1:1-7, 2:2



వాన రాకపోతే మన అనంతపురం పల్లెల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. వేరుశనగ చేను ఎండిపోతుంది, బోరు అడుగంటుతుంది. అమ్మానాన్న మూటాముల్లె సర్దుకుని బెంగళూరుకో, కేరళకో పనికి వెళ్తారు. పిల్లలు అవ్వ దగ్గర మిగిలిపోతారు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసంటే గొంతు మారే వయసు, మనసు కూడా మారే వయసు. సరిగ్గా ఆ సమయంలోనే ఇంట్లో పెద్దదిక్కు ఉండదు. చదువు మానేయడం, ఆడపిల్లకు తొందరపడి పెళ్లి చేయడం, చెడు అలవాట్లు చాలాసార్లు ఇక్కడే మొదలవుతాయి.

ఈ పిల్లలకు మనం చేస్తున్నదేమిటి? ఆదివారం ఒక ప్రసంగం, వేసవిలో ఒక వి.బి.ఎస్. అవి మంచివే. కానీ శిష్యత్వం అంటే అంతేనా?

1. శిష్యత్వం స్నేహంతో మొదలవుతుంది

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ మాట్లాడిన భారతీయులలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఒకరు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన 1909లో తెలుగు దేశానికి, దోర్నకల్‌కు సేవకు వచ్చారు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ సభలో ఆయన మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పారు. అయితే మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని వేడుకున్నారు.

మన పిల్లలు కూడా నోరు తెరిచి అడగకపోయినా అదే అడుగుతున్నారు. ఫీజు కడతాం, బట్టలు కొంటాం, బుద్ధులు చెబుతాం. వాళ్ల పక్కన కూర్చునేది ఎప్పుడు? యేసు ప్రభువు కూడా తన శిష్యులను దాసులని పిలువక స్నేహితులని పిలిచాడు (యోహాను 15:15).

2. ముందు వినాలి, తర్వాత చెప్పాలి

ఎమ్మాయు దారిలో ప్రభువు చేసిన క్రమం చూడండి. మొదట వాళ్లతో కలిసి నడిచాడు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వాళ్ల నిరాశంతా చెప్పుకోనిచ్చాడు. ఆ తర్వాతే లేఖనాలు వివరించాడు. చివరికి వాళ్లతో భోజనానికి కూర్చున్నాడు.

మనం తరచుగా తిరగేసి చేస్తాం. పిల్లవాడు నోరు తెరవకముందే ఉపదేశం మొదలవుతుంది. "మార్కులు ఎన్ని?" అనే ముందు "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగి చూడండి. బడి నుంచి వస్తున్నప్పుడు, నీళ్లు మోస్తున్నప్పుడు, మేకలు తోలుకొస్తున్నప్పుడు పిల్లలు మాట్లాడతారు. ఎదురుగా నిలబెట్టి అడిగితే మాట్లాడరు.

3. ఆత్మతో పాటు శరీరాన్నీ పట్టించుకోవాలి

పౌలు తిమోతికి బోధ గురించి మాత్రమే రాయలేదు. అతని కడుపు జబ్బు గురించి, తరచుగా వచ్చే బలహీనత గురించి కూడా రాశాడు (1 తిమోతి 5:23). అక్కడ చెప్పిన కొంచెం ద్రాక్షారసం ఆ రోజుల్లో మందులాంటిది. దాన్ని తాగుడుకు అనుమతిగా తీసుకోకూడదు. మనం చూడవలసింది పౌలుకు ఉన్న శ్రద్ధ.

ప్రార్థనలో కునికే అమ్మాయిని, చదువులో వెనకబడిన అబ్బాయిని సోమరి అని తీర్పు తీర్చకండి. అది రక్తహీనత కావచ్చు. పాలిపోయిన కళ్లు, ఆయాసం, నీరసం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటున్నారా అని అడగండి. ఆకుకూరలు, రాగి సంగటి, పప్పు పెట్టండి. భోజనంతో పాటు టీ వద్దు.

మనసు సంగతి కూడా అంతే. మానసిక సమస్యల్లో దాదాపు మూడోవంతు పద్నాలుగేళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిద్ర, తిండి తగ్గడం, ఒంటరిగా ఉండిపోవడం, బతకాలని లేదనడం కనిపిస్తే విశ్వాసం తక్కువని గద్దించవద్దు. ప్రార్థన చేయండి, ఆ పిల్లను ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకురండి. టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు తీసుకోరు.

4. వెలుగులో నడవాలి

పిల్లలకు తోడుండేవారు తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు తెలిసి ఉండాలి. తలుపు వేసి ఒంటరిగా మాట్లాడకూడదు. ఆడపిల్లలకు స్త్రీలే తోడుండటం మంచిది. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నీ క్షేమానికి అవసరమైతే తగినవారికి చెబుతాను" అనండి. 18 ఏళ్ల లోపువారిపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంఘం పరువు కోసం దాచకూడదు. వేధింపుకైనా, బాల్యవివాహానికైనా చైల్డ్‌లైన్ 1098 సహాయం చేస్తుంది.

5. బాధ్యత అప్పగించాలి

పౌలు నుండి తిమోతికి, తిమోతి నుండి నమ్మకమైనవారికి, వారి నుండి ఇతరులకు (2 తిమోతి 2:2): ఇది నాలుగు తరాల గొలుసు. అజరయ్య గారు కూడా పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం పొందినవారికి, చదువు రానివారికైనా, సాక్ష్యం చెప్పే బాధ్యత అప్పగించేవారు. పూర్తిగా నేర్చుకున్నాకే పని ఇస్తామంటే ఎవరూ ఎన్నటికీ నేర్చుకోరు. మీ అబ్బాయితో వాక్యం చదివించండి. ఆసుపత్రిలో ఉన్న రోగిని చూడటానికి వెంట తీసుకెళ్లండి. తప్పు చేస్తే నలుగురిలో కాక పక్కకు పిలిచి చెప్పండి.

అవ్వలకు ఒక మాట

"నాకు అక్షరం ముక్క రాదు, నేనేం నేర్పుతాను?" అనుకోకండి. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండింది (2 తిమోతి 1:5). మీ పొద్దున ప్రార్థన మనవడు దుప్పటి కింద నుంచి వింటూనే ఉంటాడు. దూరాన ఉన్న తల్లిదండ్రులారా, ఫోన్‌లో డబ్బు సంగతి అయ్యాక పెట్టేయకండి. పిల్లలతో విడిగా మాట్లాడి, ప్రార్థించి పెట్టండి.

కుటుంబంలో చర్చించుకోండి

1. నా చిన్ననాడు నాతో తోడు నడిచినది ఎవరు?
2. మా వీధిలో తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లలు ఎవరు? ఈ వారం ఎవరిని భోజనానికి పిలుస్తాం?
3. మా పిల్లలకు సంఘంలో ఏ చిన్న పని అప్పగించగలం?

ప్రార్థన: ప్రభువా, ఎమ్మాయు దారిలో నడిచినట్లు మా పిల్లల పక్కన నడువుము. మాకు వినే చెవులను, ఓపికను దయచేయుము. ఆమేన్.