నర్సింగ్ చదివే మేనకోడలికి: తుంటి గుర్తులు తడిమి పట్టడం

తుంటిని తడమడం నడుము పక్కల నుంచి మొదలవుతుంది. పక్కటెముకల కింది మెత్తదనం దాటగానే, లంగా బొందు ఆనే చోట, చేతి అంచుకు గట్టిగా తగిలే ఒంపు ఇలియాక్ క్రెస్ట్. రెండు చేతులూ రెండు పక్కలా ఆనించి బొటనవేళ్ళను వెన్ను మీదికి చాపితే అవి నాలుగో నడుము పూస దరిదాపుల్లో కలుస్తాయి. దరిదాపుల్లో అనే అనాలి. లావుపాటి మనిషిలో వేళ్ళు ఒక పూస పైకి పోవడం మామూలే.

క్రెస్ట్ వెంట ముందుకు జరిగితే అది ఒక మొన దగ్గర ఆగుతుంది. అదే యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్. పేరు పొడుగే గానీ సన్నటి మనిషిలో కంటికే కనబడుతుంది. కాలి పొడవు కొలిచే టేపు ఇక్కడ మొదలై చీలమండ లోపలి ఎముక దగ్గర ఆగుతుంది. క్రెస్ట్ వెంట వెనక్కి జరిగితే నడుము కింద రెండు సొట్టలు తగులుతాయి. అవి పోస్టీరియర్ స్పైన్‌లుండే చోట్లు, త్రికాస్థి రెండో పూస ఎత్తున ఉంటాయి.

క్రెస్ట్‌కు సుమారు అరచెయ్యి వెడల్పు కింద, తొడ పక్కన, గ్రేటర్ ట్రోకాంటర్ ఉంటుంది. ఇది దొరకలేదని కొత్త పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, అక్కర్లేదు. మనిషిని పడుకోబెట్టి కాలిని లోపలికీ బయటికీ మెల్లగా తిప్పితే వేళ్ళ కింద ఎముక దొర్లుతుంది. కూర్చునే ఎముక కోసం మోకాలిని పొట్టవైపు మడవాలి. అప్పుడు గ్లూటియస్ మాక్సిమస్ కండరం పైకి జరిగి ఇస్కియల్ ట్యూబరాసిటీ బయటపడుతుంది. ట్రోకాంటర్‌కూ ఈ ఎముకకూ ఇంచుమించు నడుమ నుంచి సయాటిక్ నరం తొడలోకి దిగుతుంది.

మేనకోడలి పోయిన ఉత్తరంలోని కబురు గుబులు పుట్టించేది ఇక్కడే. వార్డులో పిర్రను కంటితోనే నాలుగు భాగాలు చేసి సూది వేసేస్తున్నారట! పై బయటి భాగం అన్నప్పుడు ఆ భాగం క్రెస్ట్ దాకా వెళ్ళాలి. కంటికి కనిపించే మెత్తటి కండను మాత్రమే లెక్కేస్తే సూది కిందికీ లోపలికీ జారి నరం దగ్గరికి చేరుతుంది. నరం దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది. నడిచేటప్పుడు వేళ్ళు నేలకు రాసుకుంటాయి. కండ పట్టని పసివాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ. గాజు సిరంజిలు మరగబెట్టుకున్న కాలంలో ఊళ్ళలో ఇలా కాలు ఈడ్చే పిల్లలు కనిపించేవారు. ఆ తల్లులు దాన్ని జ్వరం మీదికి తోసేవారు. అప్పటి నర్సింగ్ హాస్టల్ పిల్లలు రాత్రి దీపాలార్పాక కూడా ఒకరి తుంటి ఒకరు తడిమి నేర్చుకునేవారు. వార్డెన్ తిట్లకు లోటు లేదు, కానీ వేళ్ళకు దీపంతో పనేముంది?

సూదికి నరానికి దూరంగా ఉండే చోటు గ్లూటియస్ మీడియస్ కండరం. ఎడమ తుంటికి కుడి చెయ్యి, కుడి తుంటికి ఎడమ చెయ్యి వాడాలి. అరచేతి మడమ ట్రోకాంటర్ మీద, చూపుడువేలు ముందు స్పైన్ మీద పెట్టి, నడిమి వేలిని క్రెస్ట్ వెంట వెనక్కి చాపాలి. రెండు వేళ్ళ సందులో సూది పడాలి. చెయ్యి చిన్నదై స్పైన్ అందకపోతే చూపుడువేలిని అటువైపు చూపితే చాలు. ఈ అత్తకూ మేనకోడలికీ ఒకే చెయ్యి, చిన్నదే.

కండరాలు కదిలిస్తే తెలుస్తాయి. మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఆ వైపు మీడియస్ బిగుసుకుంటుంది. అది బలహీనమైతే ఎదుటి వైపు తుంటి కిందికి వాలుతుంది. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ చెప్పిన గుర్తు ఇదే. బాసింపట్టు వేయడానికి కాలు ఎత్తితే ముందు స్పైన్ నుంచి వాలుగా దిగే సార్టోరియస్ తేలుతుంది. పిరిఫార్మిస్ లోతులో ఉంటుంది, వేలికి సూటిగా చిక్కదు.

గజ్జల దగ్గరి ప్యూబిక్ ట్యూబర్కిల్‌ను తడిమే ముందు ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాకే, తెర వేసి చెయ్యి పెట్టాలి. చేతులు వెచ్చగా ఉండాలి.  వేళ్ళకు ఎముక దొరకనప్పుడు సూది ట్రేలో పెట్టేసి సీనియర్ సిస్టర్‌ను పిలవాలి.