పిల్లలకు రాసిచ్చిన ఇల్లు: పన్ను ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని పిల్లల పేర రాసి చూడమని మాత్రం అనలేదు. మనలో చాలామంది రేపో మాపో అలాంటి దస్తావేజు అందుకోబోయేవాళ్ళమే కనుక ఈ సంగతులు కొంచెం తెలిసి ఉండాలి.

మన దేశంలో గిఫ్టు టాక్సు 1958లో వచ్చింది. ఆర్థికశాస్త్రవేత్త నికొలస్ కాల్డార్ 1956లో చేసిన సిఫారసుల్లో ఇదొకటి. ఆ ఏడాది ఆర్థికశాఖ నెహ్రూగారి చేతిలోనే ఉన్నందున బడ్జెట్టులో దీన్ని ప్రతిపాదించిందీ ఆయనే. అప్పట్లో పన్ను కట్టవలసినవాడు దాత. ఇల్లూ ఇచ్చి, పన్నూ కట్టడమన్నమాట! 1998 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన దానాలకు ఆ పన్ను లేదు.

చట్టం పోయినా భయం పోలేదు. ‘గిఫ్టు రాస్తే టాక్సు పడుతుందట’ అని కొడుక్కి అమ్మినట్లు క్రయ దస్తావేజు రాయించే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. డబ్బు చేతులు మారదు, కాగితం మీద ధర మాత్రం పడుతుంది. అమ్మకం అన్నాక మూలధన లాభం లెక్కకొస్తుంది, దాన్ని తండ్రి తన రిటర్నులో చూపాలి. దానమైతే ఆ లెక్కే రాదు. లేని పన్నుకు జడిసి ఉన్న పన్నును నెత్తికెత్తుకోవడం ఇదే.

ఇక పుచ్చుకున్నవారి సంగతి. ఉచితంగా వచ్చిన ఇంటి స్టాంపు విలువ 50,000 రూపాయలు దాటితే అదంతా వారి ఆదాయమేనని 2009 అక్టోబరు 1 నుంచి నియమం. అయితే చట్టంలో చెప్పిన బంధువులు ఇస్తే మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు ఆ జాబితాలో ఉన్నారు. ఈ జాబితా తమాషా ఏమిటంటే, మేనమామ మేనల్లుడికి ఇల్లు రాస్తే పన్ను లేదు, అదే మేనల్లుడు మేనమామకు రాస్తే ఉంది!

కనుక ఇంటి విలువను కొడుకో కూతురో ఆదాయంలో కలపనక్కరలేదు. ఆపైన వచ్చే అద్దె మాత్రం వారి రిటర్నులోకే వెళుతుంది.

అసలు చిక్కు ఆ ఇల్లు అమ్మినప్పుడు. తండ్రి 2006లో 8 లక్షలకు కొన్నాడనుకుందాం. కూతురికి రాసిచ్చేనాటికి విలువ 60 లక్షలు, ఆమె 62 లక్షలకు అమ్మింది. లాభం 2 లక్షలు కాదు, 54 లక్షలు. ఖరీదు తండ్రి పెట్టినదే లెక్క. అందుకే గిఫ్టు దస్తావేజుతో పాటు నాన్నగారి పాత దస్తావేజు, తర్వాత మేడ వేసిన ఖర్చుల రసీదులు కూడా అడిగి తీసుకోవాలి.

దస్తావేజుకు రిజిస్ట్రేషనూ, ఇద్దరు సాక్షులూ, దాత బ్రతికుండగా పుచ్చుకున్నవారి అంగీకారమూ తప్పనిసరి. వీలునామాలా దీన్ని మనసు మారినప్పుడు చించేయడానికి లేదు. మరి ఇల్లు రాయించుకుని అన్నం పెట్టకపోతే? 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దానాన్ని రద్దు చేయించవచ్చు. కాని పోషించాలన్న షరతుమీదే ఇచ్చినట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025లో మరో కేసులో కొంత ఉదారంగా, అదే రోజు విడిగా రాసుకున్న హామీ కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఏమైనా, ఆ ఒక్క వాక్యం దస్తావేజులోనే ఉంటే తల్లిదండ్రులు కోర్టులో వెతుక్కోనక్కరలేదు. మొహమాటపడి వారు అడగకపోతే, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళే ముందు మనమే రాయించాలి.