మత్తు దిగేటప్పుడు

హైదరాబాద్

చెల్లె,

చిన్నోడి హెర్నియా ఆపరేషన్ సంగతి మరిది ఫోన్ల చెప్పిండు. ఆపరేషన్ గురించి నాకు బెంగ లేదు. మత్తు దిగే అరగంట గురించే రాస్తున్న. రికవరీ గదిల నర్సుగ నేను రోజూ చూసేది అదే.

రెండు నుంచి ఆరేండ్ల పిల్లల్లో కొందరు మత్తు దిగంగనే గుక్కపట్టి ఏడుస్తరు, కాళ్లుచేతులు కొట్టుకుంటరు, సెలైన్ పీకేసుకుంటరు. కన్నతల్లి ముందర నిలబడ్డా గుర్తుపట్టరు. మన ఊర్లల్ల అయితే గాలి సోకిందని తాయత్తు కట్టిస్తరు! 1961లనే డాక్టర్లు ఈ కలవరాన్ని రాసిపెట్టిన్రు. మాస్కుతో ఇచ్చే సెవోఫ్లూరేన్ మత్తుకు ఇది ఎక్కువ. కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తున్నడా, ఓదారిస్తే ఊకుంటున్నడా, ఇట్లాంటి ఐదు గుర్తులు చూసి 20కి మార్కులు వేసే పద్ధతి ఉన్నది. చాలామందికి అరగంటల దానంతట అదే తగ్గుతది.

ముందుగాల మత్తు డాక్టరును కలువు. చిన్నోడు కొత్తవాళ్లను చూస్తే జడుసుకుంటడని దాచకుండ చెప్పు. ఆపరేషన్ ఆఖర్ల కొంచెం ప్రొపోఫాల్ ఇచ్చినా, డెక్స్‌మెడిటోమిడిన్ ఇచ్చినా ఈ గోల బాగ తగ్గుతది. హెర్నియాకు నడుము కింద నొప్పి తెలువకుండ ఒక సూది కూడ వేస్తరు. నొప్పితోటి లేచిన పిల్లలు ఇంకింత కలవరపడుతరు. ఏ మందు అన్నది డాక్టరుకే వదిలెయ్, అడుగుడు మాత్రం అడుగు.

రాత్రి నుంచే నీళ్లు కూడ ముట్టనియ్యొద్దని అవ్వ అంటది. ఈ ఒక్క మాట వినకు. అన్నం, పాలు ఆరు గంటల ముందు ఆపాలె గని మంచినీళ్లు రెండు గంటల ముందు దాక తాగొచ్చు. టైము డాక్టరునే అడిగి రాసుకో. ఆపరేషన్ నిజామాబాద్‌ల గాబట్టి ముందురోజే అక్కడికి పోయి ఉంటే పిల్లగానికి నిద్ర చెడదు.

సూది ఉండదని అబద్ధం ఆడకు. ఇంటికాడ స్టీలు గ్లాసు మూతికి పెట్టి ఊదుడు ఆట ఆడించు, మాస్కు కూడ అట్లనే ఉంటదని చెప్పు. లోపలికి పోయేదాక ఫోన్ల కార్టూన్ చూడనియ్యి, ఈ ఒక్కరోజు నేనేమనను. ఏడ్సుకుంట మత్తులకు పోయినోళ్లే లేచేటప్పుడు ఎక్కువ ఏడుస్తరు.

నువ్వు పక్కనుంటే ఈ గోల రానే రాదని చెప్పను. తల్లి ఉన్నా వస్తది. వస్తే బెదిరించకు, పదిమందిని పోగెయ్యకు. కింద పడకుండ పట్టుకొని మెల్లగ పేరు పెట్టి పిలువు. పెదాలు నీలమైనా, ఊపిరి కష్టమైనా ఒక్క నిమిషం ఆగకు, వెంటనే నర్సును పిలువు. అరగంటైనా తగ్గకుంటే "పిల్లలు అంతే" అన్న మాటకు ఊకోకు, మత్తు డాక్టరును పిలిపించు.

నీ అక్క